సర్వీసు ఇంజనీరు చేత లింక్డ్‌ఇన్‌లో మొదటి పోస్టు రాయించడం (3వ పాఠం)

ఉద్యోగుల చేత వాళ్ల సొంత ఖాతాల్లో పని గురించి రాయించడమే ఈ పాఠాల ఉద్దేశం. అందుకోసం మీ కంపెనీలో కస్టమర్లు పేరు పెట్టి అడిగే ఐదుగురి జాబితా తయారు చేసుకోమని గత పాఠం చివర చెప్పాను. అందులో ముగ్గురు మార్కెటింగ్ వాళ్లే ఉంటే ఆ కాగితం చింపేసి మళ్లీ రాయండి. పంపులు, వాల్వులు కొనే ప్లాంటు మేనేజరు అర్ధరాత్రి ఫోను చేసేది సర్వీసు ఇంజనీరుకే. లింక్డ్‌ఇన్‌లో కూడా ఆయన ఆగి చదివేది ఆ మనిషి మాటే.

ముందు చేయకూడని పని ఒకటి చెబుతాను. సోమవారం పొద్దున అందరికీ ఒకే పేరా మెయిల్లో పంపి, "దీన్ని మీ మీ ఖాతాల్లో పెట్టండి" అనడం. నేనూ ఒకప్పుడు ఈ ఘనకార్యం చేశాను. నలభై మంది అదే ఫొటో, అదే "సంతోషంగా ప్రకటిస్తున్నాం" పెట్టారు. ఒకాయనైతే "ఇక్కడ మీ విభాగం పేరు రాయండి" అన్న సూచనను కూడా తీయకుండా ఎక్కించేశాడు. తప్పు ఆయనది కాదు, నాది.

అందుకని టీ వేళకు ఆ ఇంజనీరు పక్కన కూర్చోండి. పోస్టు అన్న మాట ఎత్తకండి, అది వింటేనే చాలామందికి నోరు ఎండిపోతుంది. "ఈ నెలలో మిమ్మల్ని బాగా ఏడిపించిన మెషీను ఏది?" అని అడగండి. ఆయన ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి.

రాయమంటే ఆయన రాసి తెచ్చేది ఇలా ఉంటుంది:

"నాణ్యమైన పంపులతో వినియోగదారుల సంతృప్తికి మా కంపెనీ కట్టుబడి ఉంది."

టీ తాగుతూ చెప్పేది ఇలా ఉంటుంది:

"మూడు నెలలకోసారి సీలు లీకవుతోందని పిలిచారు. రెండుసార్లు సీలు మార్చి వచ్చాను. మూడోసారి వెళ్తే పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు. నీళ్లు లాగే సక్షన్ వైపు, చెత్తను ఆపే స్ట్రెయినర్ విప్పితే సగానికి పైగా చెత్త. నీళ్లు చాలక పంపు అదురుతోంది, ఆ అదురుకు సీలు పోతోంది. మొదటిసారే విప్పి చూడాల్సింది."

ఈ రెండోదాన్నే పెట్టించండి. చివరి వాక్యం తీసేయమని మీ పై అధికారి తప్పకుండా అంటారు. దానికోసం పోట్లాడండి, ప్లాంటులో చేతులకు గ్రీజు అంటినవాళ్లు నమ్మేది ఆ వాక్యాన్నే. మీరు చేయదగ్గ మార్పు ఒక్కటే. లింక్డ్‌ఇన్ ఒక పోస్టుకు 3,000 అక్షరాల దాకా ఇస్తుంది గానీ, మిగతాది చూడటానికి నొక్కకముందు తెరమీద కనిపించేది మొదటి రెండు మూడు వరుసలే. కాబట్టి గులకరాళ్ల చప్పుడును పైకి తెండి. ఇక భాష సంగతి: కొనేవాళ్లు పుణెలో ఉంటే ఇంగ్లీషు, జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఉంటే నిక్షేపంగా తెలుగు.

"ఏదైనా తేడా వస్తే ఉద్యోగం పోతుందేమో" అని ఆయన అడుగుతారు. అడగకపోయినా మనసులో ఉంటుంది. ఆ భయానికి మందు ముందే రాసిపెట్టుకున్న నియమాలు. కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం 2005లో తన బ్లాగు నియమాలను ఉద్యోగుల చేతనే ఒక వికీలో, అంటే అందరూ కలిసి దిద్దగలిగే వెబ్ పేజీలో, రాయించింది. సొంత పేరుతో రాయండి, అభిప్రాయాలు మీవేనని చెప్పండి, అనుమతి లేకుండా కస్టమర్ల ఊసెత్తకండి అన్నవి వాటిలో ఉన్నాయి. మీకు అర పేజీ చాలు, కానీ అది ఆ ఐదుగురూ కూర్చుని రాసిన అర పేజీ కావాలి. ఫొటోల గురించి మాత్రం గట్టిగా చెప్పండి: వెనకాల కస్టమర్ బోర్డు, గోడమీది డ్రాయింగు, ప్యానెల్‌పై రీడింగులు పడకూడదు. కంపెనీ షేర్లు మార్కెట్లో ఉంటే ఇంకో మెలిక ఉంది. పెద్ద ఆర్డరు వచ్చిందన్న ఉత్సాహంలో, స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపకముందే ఎవరైనా పోస్టు పెడితే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, బయటపెట్టని లోపలి సమాచారంతో షేర్లు కొని అమ్మడాన్ని (ఇన్‌సైడర్ ట్రేడింగ్) అడ్డుకోవడానికి 2015లో తెచ్చిన నిబంధనల చిక్కు మెడకు చుట్టుకోవచ్చు.

నెలకు ఇన్ని పోస్టులని లక్ష్యాలు పెట్టకండి. దానికి బదులు ఆ మొదటి పోస్టు కింద మేనేజరు చేత ఒక నిజమైన ప్రశ్న అడిగించండి. "చాలా బాగుంది" కాదు, "స్ట్రెయినర్ ఎన్నాళ్లకోసారి విప్పాలి?" లాంటిది.

ఈ వారం పని: ఒక మనిషి, పావుగంట, ఒక రికార్డింగు. విన్నది విన్నట్టు రాసి మర్నాడు ఆయనకే ఇవ్వండి. ఎక్కించే మీట ఆయన వేలితోనే నొక్కించండి. కింద ఎవరైనా "మీ పంపుల ధర మరీ ఎక్కువ" అని రాస్తే తొందరపడి చెరిపేయకుండా అలాగే ఉంచండి, 4వ పాఠానికి అదే ముడిసరుకు.