డ్రాగ్ రేసింగ్ నేర్చుకుందాం - 3: మొదట ఏ క్లాసులో దిగాలి?

పోయిన పాఠం చివర టెస్ట్ అండ్ ట్యూన్ (పోటీ లేని ప్రాక్టీస్) రాత్రికి వెళ్లి మూడు రన్‌లు చేసి, ట్రాక్‌వాళ్లిచ్చే టైము స్లిప్పులు దాచుకోమన్నాను. అవి తీసి ముందు పెట్టుకోండి.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్ టెక్సస్ మోటార్‌ప్లెక్స్ చూసొచ్చి నన్ను అడిగేది ఒకటే: "రోజూ ఆఫీసుకెళ్లే కారుతో పోటీకి దిగొచ్చా?" దిగొచ్చు. బ్రాకెట్ రేసింగ్ ఉన్నదే అందుకు. మీ కారు పావు మైలు ఎంతలో పరిగెడుతుందో మీరే ముందు చెప్పాలి. అదే డయల్. దాన్ని అద్దం మీద రాస్తారు. నెమ్మది కారుకు ఆ తేడా మేరకు పచ్చదీపం ముందే వెలుగుతుంది.

మీ క్యామ్రీ డయల్ 15.20, పక్క లేన్‌లో మస్టాంగ్ డయల్ 12.70 అనుకుందాం. మీరు 2.50 సెకన్లు ముందు బయల్దేరతారు. మీ రియాక్షన్ (పచ్చదీపం వెలిగాక కారు కదలడానికి పట్టిన సమయం) 0.120, పరుగు 15.25. అంటే మీరు పోగొట్టుకున్నది మొత్తం 0.170. అతని రియాక్షన్ 0.200, పరుగు 12.75. అతను పోగొట్టుకున్నది 0.250. గీత ముందు దాటేది మీరే, 0.080 సెకన్ల తేడాతో. పోనీ అతను 12.66 కొట్టి మిమ్మల్ని దాటేశాడనుకోండి, చెప్పినదానికంటే వేగంగా వెళ్లాడు కాబట్టి అది బ్రేకౌట్. అప్పుడూ గెలుపు మీదే.

కాబట్టి క్లాసు ఎంచుకునేటప్పుడు కారు వేగం కాదు, అవతలివాడి చేతిలో ఏ పరికరాలున్నాయో చూడండి. బ్రాకెట్ రేసింగ్‌లోనే సూపర్ ప్రో అనే క్లాసులో డిలే బాక్స్‌కు, అంటే బటన్ వదిలాక ముందే పెట్టుకున్నంత సేపు ఆగి కారును వదిలే పరికరానికి, అనుమతి ఉంటుంది. వాళ్లు మొదటి పసుపు దీపం చూసి బటన్ వదిలేస్తారు, మిగతా లెక్క బాక్స్ చూసుకుంటుంది. మీరేమో చివరి పసుపు దాకా ఊపిరి బిగబట్టి కాలితో బ్రేక్ వదలాలి. తెలియక నేను మొదటిసారి అక్కడే పేరిచ్చాను. ఫీజు కట్టింది ఒక్క రన్‌కే అయింది!

డిలే బాక్సులు లేని స్పోర్ట్స్‌మన్ లేదా స్ట్రీట్ క్లాసుకే పేరివ్వండి. ఒక్కో స్ట్రిప్‌లో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి గేటు దగ్గర "డిలే బాక్స్ లేని క్లాసు ఏది?" అని అడిగితే చాలు. 10.90 సూపర్ స్ట్రీట్ లాంటి ఇండెక్స్ క్లాసుల (అందరికీ ఒకే టైము పెట్టే క్లాసులు) జోలికి ఇప్పుడే వద్దు, జేబుకు చిల్లు. పిల్లలకు జూనియర్ డ్రాగ్‌స్టర్లు (చిన్న సైజు రేసు కార్లు) ఐదేళ్ల వయసు నుంచే ఉన్నాయి, ఆ కథ వేరే పాఠంలో.

ఇప్పుడు స్లిప్పులు. పావు మైలుకు 13.99 సెకన్లు గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే హెల్మెట్ తప్పనిసరి. 11.49కి దిగితే మామూలుగా రోల్ బార్ (కారు బోల్తాపడితే కాపాడే ఇనుప కమ్మీ) అడుగుతారు. ఆ తర్వాత మూడు టైములూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా 0.10 లోపుంటే పేరివ్వండి. అరసెకను ఊగుతుంటే మొదటి 60 అడుగుల అంకె చూడండి. తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే, బయల్దేరడంలోనే దొరుకుతుంది. ఇంకో రాత్రి ప్రాక్టీస్ చేయండి.

ఒక్క జాగ్రత్త: లైన్‌లోకి వచ్చేముందే ఏసీ ఆపేయండి, ట్రాక్ మీద నీళ్లు కారితే వెనకవాళ్లు జారతారు. మామూలు టైర్లయితే వాటర్ బాక్స్‌లోకి (టైర్లు తిప్పి వేడెక్కించడానికి నీళ్లు పోసిన చోటు) దిగకుండా పక్కనుంచి వెళ్లండి.

వచ్చే పాఠంలో ఈ మూడు అంకెల నుంచే డయల్ తేలుస్తాం. స్లిప్పుల వెనక ఆ రాత్రి ఎంత వేడి ఉందో, టైర్లలో గాలి ఎంతో రాసి ఉంచండి.