కువైట్ వెళ్లే ముందు: ఇంగ్లీషు మాట ఒకటే, హిందీలో మాత్రం చాలా

రాజోలు, పి.గన్నవరం, నరసాపురం వైపు నుంచి కొత్తగా కువైట్ వెళ్లేవాళ్లు అరబీ గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. అరబీ ఇంట్లో పనిచేస్తుంటే అది నెమ్మదిగా దానంతటదే వస్తుంది. దిగిన రోజు నుంచే కావాల్సింది హిందీ. డ్రైవరు పాకిస్తానీ, బకాలా (చిన్న కిరాణా కొట్టు) కుర్రాడు బంగ్లాదేశీ, సూపర్‌వైజరు మలయాళీ. వీళ్లంతా కలిస్తే నడిచేది వచ్చీరాని హిందీయే.

లీవు, చేంజ్, ఛార్జీ, టైమ్, ఫ్రీ... ఇవన్నీ మనం తెలుగులాగే వాడేస్తాం. ఎదుటివాడికి అర్థం కానప్పుడు హిందీలో చెప్పాల్సి వస్తుంది, చిక్కంతా అక్కడే. ఫోన్‌లో మొదట కనిపించిన హిందీ మాట పట్టుకోకండి. ఎక్కడ, ఎవరితో, దేని గురించి అంటున్నారో చూసుకుని మాట ఎంచుకోండి.

ముందు లీవు సంగతి. సెలవైతే ‘ఛుట్టీ’. లీవ్ ఇట్, వదిలెయ్ అనాలంటే ‘రహ్‌నే దో’. అక్కడితో అయిపోతే బాగుండును. వారానికో రోజు సెలవూ ఛుట్టీయే, ఇంటికొచ్చే రెండు నెలల సెలవూ ఛుట్టీయే, సాయంత్రం డ్యూటీ దిగడమూ ఛుట్టీయే. పైగా ‘ఉస్‌కీ ఛుట్టీ కర్ దీ’ అన్నారంటే అతన్ని పనిలోంచి తీసేశారని. కాబట్టి ఒట్టి ఛుట్టీ అని ఊరుకోకుండా ‘జుమ్మే కీ ఛుట్టీ’ (శుక్రవారం సెలవు) అనో, ‘ఘర్ జానే కీ ఛుట్టీ, దో మహీనే’ అనో విడమరిచి అడగండి. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలని కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. ఏడాది సెలవు కూడా జీతంతోనే. మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే.

ఇది నా రైట్ అని చెప్పాలంటే ‘హక్’ అనాలి. మాట సరైనదైతే ‘సహీ’. కుడి వైపైతే ‘దాయే’. టాక్సీలో ‘సహీ జావో’ అంటే డ్రైవరు కుడికి తిప్పడు, సరిగ్గానే వెళ్తున్నాను కదా అనుకుని తిన్నగా పోతాడు.

బకాలాలో 20 దినార్ల నోటిచ్చి రొట్టెలు అడిగితే ‘ఛుట్టా దో’ అంటాడు. మన పెద్దాళ్లకి పొగాకు చుట్ట గుర్తొస్తుంది గానీ, వాడు అడిగేది చిల్లర. కొందరు ‘ఖుల్లా’ అంటారు. దినారుకి వెయ్యి ఫిల్స్ కాబట్టి మొదట్లో లెక్క తికమకగా ఉంటుంది, చేతిలో పెట్టింది అక్కడే ఎంచుకోండి. బట్టలు, గది, డ్యూటీ చేంజ్ అయితే ‘బదల్‌నా’. వీసా గురించి ఎవరైనా ‘బదల్ జాయేగా’ అంటే మాత్రం డబ్బు తీయకండి. ఇంటిపని 20వ నంబరు వీసా, కంపెనీ 18వ నంబరు వీసా. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడం నోటిమాటతో అయ్యే పని కాదు.

ఛార్జీ ఎంత అని అడగాలంటే ‘కిత్‌నా లేతే హో’. ఫలానా పని నీ ఛార్జ్ అంటే ‘జిమ్మా’. ఎవరైనా ‘ఇల్జామ్’ అన్నారంటే అది మీ మీద మోపే నేరం. ఆ మాట వినిపించాక అర్థం కాని కాగితం దేని మీదా సంతకం పెట్టకండి, ఎంబసీకి ఫోన్ చేయించండి.

మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. త్రీ టైమ్స్ అంటే ‘దిన్ మే తీన్ బార్’. ‘తీన్ బజే’ అంటే మూడు గంటలకని. రెండూ కలిపేసుకుని రోజుకి ఒక్క మాత్రతో సరిపెట్టేసేవాళ్లున్నారు. ‘ఖానే కే బాద్’ అంటే తిన్నాక, ‘ఖానే సే పహ్‌లే’ అంటే తినకముందు. మాత్రల అట్ట మీద పెన్నుతో మూడు గీతలు గీయించుకుంటే ఇంకా మేలు.

కాల్ అంటే ఫోన్ చేయడమా, పిలుచుకురావడమా? మొదటిది ‘ఫోన్ కరో’, రెండోది ‘బులావో’. ఫ్రీగా ఉంటే ‘ఖాలీ’, ఫ్రీగా వస్తే ‘ముఫ్త్’. పాత వస్తువు ‘పురానా’. ఇంట్లో పెద్దావిణ్ణి మాత్రం ‘పురానీ’ అనకండి, ‘బుజుర్గ్’ అనండి. అన్నట్టు, అక్కడ ఇంటావిడ ‘మామా’, యజమాని ‘బాబా’. మేనమామ ఎవరొచ్చారా అని తిరిగి చూడక్కర్లేదు.

‘కల్’ అంటే నిన్నా అదే, రేపూ అదే. జీతం విషయంలో చివరి మాట వినండి: ‘మిలేగా’ అంటే ఇంకా రాలేదు, ‘మిలా’ అంటే వచ్చేసింది.

హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కేలోపు కాస్త అలవాటు చేసుకోవచ్చు. అంబాజీపేటలో కొబ్బరి లోడుకొచ్చే ఉత్తరాది లారీ డ్రైవర్లున్నారు, రైస్ మిల్లుల్లో బిహారీ కుర్రాళ్లున్నారు. ఇంట్లో మగవాళ్లని తోడు తీసుకెళ్లి ధరలు అడగండి, దారి అడగండి, టైమ్ అడగండి. వాళ్లు నవ్వితే నవ్వనీయండి. పెద్దవాళ్లు ఏదైనా చెబితే ‘జీ’ అనడం అక్కడే అలవాటు చేసుకోండి. మన అలవాటు కొద్దీ ‘ఆయ్’ అన్నారంటే, హిందీలో ‘ఆయీ’ అంటే వచ్చిందని కదా, ఎవరొచ్చిందా అని గుమ్మం వైపు చూస్తారు.