ఏఐని పని ఎస్టిమేట్ అడిగే ముందు జాగ్రత్తలు

- కొలతలు లేకుండా అడగొద్దు. "గదికి పెయింటింగ్ ఎంతవుతుంది?" అంటే ఊహించి చెప్పేస్తుంది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10 అని ఇస్తే నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులని తేలుతుంది. తలుపులు, కిటికీలు తీసేయాలా, సీలింగ్ కలపాలా, ఎన్ని కోటింగులు, పాత పెయింట్ గీకాలా అన్నీ రాయండి. గీకుడు మర్చిపోతే కూలీ లెక్క మొత్తం తారుమారే.

- రేట్లు మీవే ఇవ్వండి. లేకపోతే ఎక్కడివో ధరలు వేస్తుంది, అదీ మహా ధీమాగా!

- మెటీరియల్, కూలీ, రవాణా, వేస్టేజీ విడివిడిగా చూపమనండి.

- "తెలియనిది ఊహించకు, ముందు నన్ను అడుగు" అని ఒక లైను తప్పనిసరి.

- కస్టమర్ పేరు, ఫోన్ నంబరు ఏఐకి ఇవ్వొద్దు.

- గుణింతాలు, కూడికలు క్యాలిక్యులేటర్‌తో సరిచూశాకే కస్టమర్‌కు పంపండి.