హీటింగ్ తక్కువ వేసుకునే ఇంట్లో పిల్లల పడక: వరంగల్ వైపు నుంచి బ్రిటన్ వస్తున్నవాళ్లకు

మొన్న దీపావళి వెళ్లాక, పరకాల నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబాన్ని చూడటానికి వెళ్లాను. మూడేళ్ల బాబు, ఏడు నెలల పాప. ఇంకా మంచాలు కొనలేదు. కింద హాల్లో గాలి పరుపు వేసి, దాని మీద పల్చటి బెడ్‌షీట్ పరిచి, బాబును పడుకోబెట్టి, పైన హనుమకొండలో కొన్న రెండు మింక్ రగ్గులు, వాటి మీద వాళ్ల నాన్న జాకెట్ కప్పుతున్నారు. "అన్నా, ఎంత కప్పినా తెల్లారుజామున లేచి ఏడుస్తున్నడు. వీపు పట్టుకుంటే మంచులెక్క ఉంటున్నది" అన్నది ఆ చెల్లె. బిల్లుకు భయపడి హీటింగ్ రాత్రి 8 గంటలకే ఆపేస్తున్నారు. పరుపు ఒక మూల ఎత్తి చూశాను. అడుగున కార్పెట్ చెమ్మగా ఉంది.

ఆ ఇంట్లో రగ్గులకు లోటు లేదు. లోటంతా కిందే ఉంది. పిల్లాడి వీపుకూ చల్లటి నేలకూ మధ్య ఒక బెడ్‌షీటు, కాస్త గాలి, అంతే. ఏటా నవంబర్‌లో ఎవరో ఒకరింట్లో ఇదే చూస్తున్నాను, చెప్పి వస్తున్నాను, మరుసటి ఏడు ఇంకొకరింట్లో మళ్లీ అదే. అందుకే రాసి పెడుతున్నా. స్వెటర్లు, సాక్సులు, థర్మల్స్ సంగతి నేను చెప్పను, అవి ఎటూ కొంటారు.

మన ఊళ్లలో దీన్ని ఒకరు నేర్పాల్సిన పని లేదు. చలికాలం వస్తే నులక మంచం మీద ముందు బొంత పరుస్తారు, కప్పుకునే సంగతి తర్వాత. అల్లిక సందుల్లోంచి గాలి తగులుతుందని ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. విమానం దిగేసరికి ఆ అలవాటు ఎక్కడ పోతుందో నాకు అర్థం కాదు. ఇక్కడ కింది చలి మన నులక మంచం కంటే ఎక్కువ. అద్దెకు దొరికే పాత వరుస ఇళ్లలో చాలావాటికి కింది అంతస్తు నేల చెక్కతో వేసింది. ఆ చెక్క కింద ఖాళీ జాగా ఉంటుంది. చెక్క కుళ్లిపోకుండా ఆ జాగాలోకి బయటి గాలి ఆడేలా గోడ అడుగున రంధ్రాలున్న ఇటుకలు పెడతారు. మీ ఇంటి బయట మోకాలి కంటే కింద చూడండి, కనబడతాయి. జనవరి గాలి రాత్రంతా మీ హాలు కిందనుంచి పోతూ ఉంటుందన్నమాట. పైన కార్పెట్ ఉంది కదా అని ధీమా పడొద్దు.

గాలి పరుపు పిల్లల్ని వెచ్చగా ఉంచదు. పిల్లాడు కదిలినప్పుడల్లా లోపలి గాలి కలిసిపోయి ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. మెత్తటి రగ్గు కింద పరిస్తే చాలదా అని అడుగుతారు. బరువు పడితే అది నలిగి పల్చబడుతుంది. పైన కప్పుకునేది పొంగి ఉండాలి, కింద పరిచేది నలగకుండా దట్టంగా ఉండాలి. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా మీరే చూసుకుంటారు.

కాబట్టి వచ్చిన మొదటి వారంలో టీవీ కంటే, సోఫా కంటే ముందు పిల్లలకు మంచం కొనండి. ఛారిటీ షాపుల్లో, వాడినవి అమ్ముకునేవాళ్ల దగ్గర చెక్క మంచాలు చవకగా దొరుకుతాయి. నేల నుంచి జానెడు ఎత్తు లేస్తే చాలు, తేడా ఆ రాత్రే తెలుస్తుంది. మంచం వచ్చేదాకా ఇలా పరచండి: అన్నింటికంటే కింద, సామాను వచ్చిన అట్టపెట్టెలు విప్పి రెండు వరుసలుగా. వాటి మీద పరుపు. పరుపు మీద జంపఖానా, దాని మీద బొంతో ఉన్ని దుప్పటో, ఆపైన బెడ్‌షీట్. పొద్దున లేవగానే పరుపు ఎత్తి గోడకు నిలబెట్టండి. లేకపోతే ఒంటి చెమ్మ కింద చేరి నెల తిరిగేసరికి నల్లటి బూజు పడుతుంది.

జంపఖానా అన్నాను కదా, వరంగల్ కొత్తవాడలో నేసేది. 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే అధికారిక ముద్ర) కూడా వచ్చింది. గట్టి నూలు నేత, ఎంత తొక్కినా నలగదు, చెమ్మ పడితే ఎండుతుంది. ఒక్కరు పడుకునేంతది చాలు, మడిచి సూట్‌కేస్ అడుగున పెట్టుకోండి. దానికి చోటు కావాలంటే మింక్ రగ్గులు ఇంట్లో వదిలేసి రండి. అవి బరువు, జాగా తింటాయి, ఇక్కడ పెద్ద సూపర్‌మార్కెట్లలో వాటి బదులు డువే, అంటే లోపల మెత్తటి నింపుడున్న పొంగు దుప్పటి, దొరుకుతుంది. డువే అట్ట మీద టాగ్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. పెద్దవాళ్లు చలికాలంలో 13.5 వాడతారు. బడికి వెళ్లే పిల్లలకు 10.5 సరిపోతుంది. ఏడాది దాటిన చిన్నపిల్లలకు తొట్టి మంచం సైజులో 4 టాగ్‌వి అమ్ముతారు, మరీ చల్లగా ఉంటే పైన ఒక పల్చటి దుప్పటి. నాలుగు రగ్గుల బరువు మోయిస్తే పిల్లాడు నిద్రలో తన్నేసుకుంటాడు, అప్పుడు అసలుకే మోసం.

మంచం ఎక్కడ వేయాలన్నది కూడా చూసుకోండి. బయటి గోడకు ఆనించొద్దు, బెత్తెడు జాగా వదలండి. పక్కింటి గోడ వైపో, లోపలి గోడ వైపో జరిపితే ఇంకా మంచిది. వీలుంటే మేడ మీది చిన్న గదిని పిల్లలకు ఇవ్వండి. మా మొదటి చలికాలంలో, డిసెంబర్‌లో, ఇంటిని వేడి చేసే గ్యాస్ బాయిలర్ ఆగిపోయింది. ఇల్లు చూసుకునే ఏజెన్సీ రేపు, ఎల్లుండి అంటూ నాన్చింది. పిల్లల గదిలో థర్మామీటర్ 12 చూపిస్తుంటే ఆ ఫోటో తీసి, పిల్లల వయసులు రాసి మెయిల్ పెట్టాకే మెకానిక్ వచ్చాడు. అప్పటిదాకా నలుగురం మేడ మీది చిన్న గదిలోనే పడుకున్నాం, స్నేహితుడి దగ్గర తెచ్చిన ఆయిల్ రేడియేటర్ (కరెంటుతో నడిచే హీటర్) ఒక్కటే వాడాం. పెద్ద గది ఒకటి వేడి చేయడం కంటే చిన్న గది ఒకటి పట్టుకోవడం తేలికని అప్పుడే తెలిసింది. కరెంట్ హీటర్ మీదే చలికాలమంతా గడుపుదామని మాత్రం అనుకోవద్దు, ఇక్కడ గ్యాస్ యూనిట్ కంటే కరెంట్ యూనిట్ ధర మూడు నాలుగింతలు.

హీటింగ్ మొత్తం ఆపేయడం పొదుపు కాదు. పడుకునే ముందు గంటసేపు, తెల్లారకముందు అరగంట టైమర్ పెట్టుకోండి, చలి ముదిరేది తెల్లారుజామునే. గోడకుండే రేడియేటర్ (బాయిలర్ వేడినీళ్లు తిరిగే ఇనుప పలక) పక్కన తిప్పే మర ఉంటుంది, పిల్లల గదిలో 3 దగ్గర, వాడని గదుల్లో 1 దగ్గర పెట్టండి. కర్టెన్ రేడియేటర్ మీద పడకుండా పైకి మడవండి. బట్టలు పడకగదిలో ఆరేయొద్దు. పొద్దున ఒక పది నిమిషాలు కిటికీలు తెరవండి, చెమ్మ పోతుంది. చెమ్మ గది పిల్లల ఊపిరితిత్తులకు చెడ్డది. ఇల్లు ఇంకా చూసుకోనివాళ్లు ఆన్‌లైన్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి దాని ఎనర్జీ సర్టిఫికెట్ చూడండి, ఉచితమే. ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో అందులో 'ఎ' (మేలైనది) నుంచి 'జి' దాకా గ్రేడ్ ఉంటుంది. ఇంగ్లండ్‌లో అద్దెకిచ్చే ఇంటికి మామూలుగా కనీసం 'ఇ' గ్రేడ్ ఉండాలి. 'సి' దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోండి.

పరుపు వెచ్చబడటానికి పెద్ద పిల్లల మంచం మీద వేడినీళ్ల రబ్బరు సంచి ముందుగా పెట్టొచ్చు, అయితే పిల్లలు పడుకునే ముందు తీసేయాలి. మరిగే నీళ్లు పోయొద్దు.

ఇప్పుడు ఏడాది లోపు పిల్లల సంగతి. ఇక్కడ నా మాట కఠినంగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. పైన చెప్పిన బొంతలు, డువేలు ఏవీ వాళ్లకు వర్తించవు. ఆ ఇంట్లో ఏడు నెలల పాపకు మంకీ క్యాప్, చేతులకు గ్లోవ్స్, రెండు స్వెటర్లు వేసి, అమ్మానాన్నల మధ్య రగ్గు కింద పడుకోబెట్టారు. మెడ వెనక చెయ్యి పెడితే చెమటతో తడిగా ఉంది. చలికి భయపడి బిడ్డను ఉడికిస్తున్నారు. చంటిపిల్లలు ఎక్కువైన వేడిని చాలావరకు తల నుంచి వదిలించుకుంటారు, టోపీ పెడితే ఆ దారి మూసేసినట్టే. ముఖం మీద రగ్గు జారితే తోసేసుకునే బలం వాళ్లకు ఉండదు. ఇక్కడి డాక్టర్లు, నర్సులు చెప్పేది ఒకటే: గది 16 నుంచి 20 డిగ్రీలు, గట్టి పరుపున్న తొట్టి, వెల్లకిలా పడుకోబెట్టడం, టోపీ లేదు, దిండు లేదు, విడి రగ్గు లేదు. మొదటి ఆరు నెలలు తొట్టి మీ గదిలోనే ఉండాలి. ఆ 16-20 డిగ్రీల గదికి 2.5 టాగ్ బేబీ స్లీపింగ్ బ్యాగ్ (దుప్పటి బదులు బిడ్డకు తొడిగే సంచి), లోపల లోదుస్తు, కాళ్లు మూసే స్లీప్‌సూట్ సరిపోతాయి. బ్యాగ్ మెడ దగ్గర సరిగ్గా సరిపోవాలి, తల లోపలికి జారిపోయేంత వదులుండకూడదు. చేతులు చల్లగా తగిలాయని కంగారు పడొద్దు, పసిపిల్లల చేతులు అలాగే ఉంటాయి. ఛాతీ మీదో మెడ వెనకో ముట్టుకుని చూడండి.

హనుమకొండలో అమ్మమ్మ వీడియో కాల్ చేసి "టోపీ పెట్టు బిడ్డా, చెవుల్లో గాలి పోతది" అంటుంది. ఆమె ప్రేమను కాదనకండి. ఫోన్ తిప్పి థర్మామీటర్ చూపించండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు టోపీ పెడతామని చెప్పండి, పెట్టండి కూడా.

ఇంకొకటి. తలంటు పోశాక సాంబ్రాణి వేయడం మనకు ఆనవాయితీ. తలుపులన్నీ బిగించిన ఈ ఇళ్లలో నిప్పులు రాజేయొద్దు, కుంపటైనా, బార్బెక్యూ బొగ్గైనా సరే. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాయిలర్ నుంచి కూడా ఆ వాయువు రావొచ్చు కాబట్టి, అది ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి ఆ అలారం పెట్టించాల్సిన బాధ్యత ఇంటి ఓనర్‌దే. ఏటా గ్యాస్ చెకింగ్ చేయించి కాగితం మీకివ్వాల్సిందీ ఆయనే. అడగడానికి మొహమాటపడకండి.

ఇంత చదివి కొందరికి టెన్షన్ పట్టుకుని ఉంటుంది. సరే, చెబుతున్నా: పిల్లలు తట్టుకుంటారు. మనకంటే త్వరగా అలవాటు పడతారు. 17 డిగ్రీల గది పిల్లలకు చెడు చేయదు, ఇక్కడ పుట్టినవాళ్లు అలాంటి గదుల్లోనే పెరుగుతారు. పరకాల బాబుకు మంచం వచ్చింది, జంపఖానా మా ఇంటి నుంచి పంపాను, ఇప్పుడు పొద్దున దాకా లేవడం లేదట. పాప కూడా టోపీ తీసేశాక సరిగ్గానే పడుకుంటోంది. థర్మామీటర్ ఒకటి కొని పిల్లల గదిలో పెట్టుకోండి, రెండు మూడు పౌండ్ల వస్తువు. అది 16 కంటే కిందికి పోతే, ఎంత రాత్రైనా లేచి హీటింగ్ వేయండి. బిల్లు లెక్కలు పొద్దున చూసుకోవచ్చు.