ఆక్సిజన్ ఉత్ప్రేరకాల రూపకల్పన – 3వ పాఠం: నాలుగు మెట్ల లెక్క

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం శకునాల వైపు వెళ్తే 1000 మెగావాట్ల సౌర పార్కు కనిపిస్తుంది. అక్కడ మధ్యాహ్నం పుట్టే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌గా దాచుకోవచ్చు. కానీ కరెంటు ఎక్కువగా వృథా అయ్యేది ఆక్సిజన్ పుట్టే వైపు. నీరు విడిపోవడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలని గత పాఠంలో చూశాం. ఒక పదార్థం దానికి మించి ఎంత అడుగుతుందో ఇప్పుడు కాగితం మీద అంచనా వేద్దాం.

ఆక్సిజన్ వాయువు వెలువడాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా పోవాలి. ఉత్ప్రేరకం ఉపరితలానికి అతుక్కుని మొదట ఓహెచ్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్), తర్వాత ఓ (ఆక్సిజన్ ఒక్కటే), ఆపైన ఓఓహెచ్ (రెండు ఆక్సిజన్లు, ఒక హైడ్రోజన్) ఏర్పడతాయి. నాలుగో మెట్టులో వాయువు విడుదలవుతుంది. ఒక్కో మెట్టు ఎత్తు అంటే దానికి కావలసిన శక్తి. ఏ ఉత్ప్రేరకమైనా ఈ నాలుగింటి మొత్తం 4.92 ఎలక్ట్రాన్ వోల్టులే. మెట్టుకు ఒక్క ఎలక్ట్రానే కాబట్టి ఆ అంకెనే వోల్టులుగానూ చదవొచ్చు.

పెన్ను తీసుకోండి. ఒక ఆక్సైడ్ మీద మెట్లు 1.2, 1.4, 1.8, 0.52 అనుకుందాం. కూడితే 4.92 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పుంది. అన్నిటికన్నా ఎత్తైన 1.8 నుంచి 1.23 తీసేస్తే 0.57. ఆ ఆక్సైడ్ అడిగే అదనపు వోల్టేజి అదే. ఎత్తైన మెట్టును వదిలి మిగతావాటిని ఎంత సరిదిద్దినా శ్రమ వృథా.

మూడో మెట్టు ఎత్తుగా ఉందంటే ఉపరితలం ఆక్సిజన్‌ను మరీ గట్టిగా పట్టుకుందన్నమాట. తడిసిన నల్లరేగడిలో దిగబడిన కాలులా అది పైకి రాదు. రెండోది ఎత్తుగా ఉంటే పట్టు చాలలేదు. లోహాన్ని మార్చినా, మరో లోహాన్ని కలిపినా ఈ పట్టును సరిచేయడానికే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఓహెచ్, ఓఓహెచ్ రెండూ ఆక్సిజన్ ద్వారానే అతుక్కుంటాయి కాబట్టి ఒకదాని పట్టు మారితే రెండోదీ మారుతుంది. వాటి శక్తుల మధ్య తేడా, అంటే రెండో, మూడో మెట్ల మొత్తం, 2.46 (1.23కు రెట్టింపు) ఉండవలసింది దాదాపు 3.2 దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఆ రెండు మెట్లకు సమంగా పంచినా చెరి 1.6, అంటే 0.37 వోల్టులు అదనం తప్పదు. ఈ హద్దును ఛేదించడమే ఈ రంగంలో అన్నిటికన్నా గొప్ప పని అని నా నమ్మకం.

ఆమ్లంలో ఇరీడియం ఆక్సైడ్ నిలబడుతుంది, కానీ ఇరీడియం అత్యంత అరుదు. రుథీనియం ఆక్సైడ్ చురుకైనదే, త్వరగా కరిగిపోతుంది. క్షారంలో మాత్రం చవకైన నికెల్, ఇనుము జంట బాగా పనిచేస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మలినంగా ఉండే కాస్త ఇనుము చేరినా నికెల్ చురుకుదనం ఎంతో పెరుగుతుంది. అందుకే వట్టి నికెల్‌ను పరీక్షించేవారు ముందు ద్రావణంలోని ఇనుమును తొలగించి తీరాలి.

అభ్యాసం: మెట్లు 0.6, 0.7, 2.5. నాలుగోది కనుక్కుని, అదనపు వోల్టేజి లెక్కగట్టి, పట్టు పెంచాలో తగ్గించాలో కారణంతో రాయండి. జవాబు 4వ పాఠంలో.