కరిగిన కండను కుర్చీతో తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"రోజూ నడుస్తూనే ఉన్నాను కదా, ఇంకేం వ్యాయామం?" అంటుంటారు పెద్దవాళ్లు. నడక మంచిదే, మానొద్దు. కానీ కూర్చున్నచోటి నుంచి లేపే కండ నడకతో పెద్దగా పెరగదు. దాని మీద బరువు పడాలి. వయసుతో కండ తగ్గిపోవడాన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు.

ముందు చిన్న పరీక్ష. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆగకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కన ఒకరుండి టైమ్ చూడాలి. 15 సెకన్లు దాటినా, అసలు లేవలేకపోయినా డాక్టరుకు చెప్పండి. గుండెజబ్బు ఉన్నా, ఈమధ్య పడిపోయినా వారిని అడిగాకే మొదలుపెట్టండి.

పరీక్షే వ్యాయామం కూడా. లేవడం కష్టమైతే మడిచిన దుప్పటి వేసి సీటు ఎత్తు పెంచండి, చేతుల ఆసరా తీసుకోండి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. అసలు పని జరిగేది అక్కడే. ఎనిమిది పదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ అన్నిసార్లు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం.

చాలామంది తప్పటడుగు వేసేది దీని తర్వాతే. అవే పదిసార్లు నెలల తరబడి చేస్తారు. చివరి రెండూ తేలిగ్గా అనిపించాయంటే కష్టం పెంచాల్సిందే: దుప్పటి తీసేయండి, చేతులు వదిలేయండి, ఆపైన నీళ్ల సీసా పట్టుకుని లేవండి. ఈ వయసులోనా అంటారా? 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, 90 ఏళ్లవాళ్లు ఎనిమిది వారాలు బరువులతో కసరత్తు చేస్తే కాళ్ల బలం సగటున రెట్టింపు దాటింది.

కుర్చీ వెనక పట్టుకుని మడమలెత్తడం, గోడను తోస్తూ చేసే పుషప్‌లు కూడా కలపండి. ఒకట్రెండు రోజులు కండరాలు లాగడం మామూలే. కీలు పొడిచినట్టు నొప్పెట్టినా, ఛాతీ పట్టేసినా, తల తిరిగినా ఆపేయండి.

తిండి చాలకపోతే ఈ కష్టమంతా వృథా. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోలుంటే 60-72 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి ఒక్కపూటలో అయ్యే పని కాదు, మూడు పూటలకూ పంచండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

జ్వరమొచ్చి వారం పదిరోజులు మంచం పట్టారా? కోలుకున్నాక ఆపిన చోటి నుంచి మొదలుపెట్టకండి. దుప్పటి మళ్లీ సీటు మీదికి రావాలి.