బయటపెట్టే ముందే హక్కును భద్రపరచుకునే విధానం

కొత్తగా ఏదైనా సృష్టించినవారు ముందుగా అది ఏ హక్కు కిందికి వస్తుందో తేల్చుకోవాలి. రచన, చిత్రం, సంగీతం, సాఫ్ట్‌వేర్ కోడ్ కాపీరైట్ కిందికి వస్తాయి. పనిచేసే విధానంలోని కొత్తదనానికి పేటెంట్, వస్తువు ఆకృతికి డిజైన్ నమోదు, పేరుకూ చిహ్నానికీ ట్రేడ్‌మార్క్ వర్తిస్తాయి.

వీటిలో ఆలస్యం వల్ల ఎక్కువ నష్టం కలిగేది పేటెంట్ విషయంలోనే. దరఖాస్తుకు ముందే పరికరాన్ని ప్రదర్శనలో ఉంచినా, పనితీరును వీడియోలో వివరించినా, ఆ పని చేసింది స్వయంగా ఆవిష్కర్తే అయినా, చాలా దేశాల్లో దాని కొత్తదనం పోయినట్టే లెక్క. అమెరికాలో ఆవిష్కర్త బయటపెట్టిన తరువాత కూడా దరఖాస్తు చేసుకోవడానికి 12 నెలల వెసులుబాటు ఉన్నప్పటికీ, దానిని నమ్ముకున్నవారికి ఇతర దేశాల్లో దారి మూసుకుపోవచ్చు. పెట్టుబడిదారుకు ముందే చూపించక తప్పకపోతే గోప్యతా ఒప్పందంపై సంతకం తీసుకోవాలి. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం, తొలి దరఖాస్తు తరువాత 12 నెలల్లోగా ఇతర సభ్యదేశాల్లో దాఖలు చేస్తే తొలి తేదీయే పరిగణనలోకి వస్తుంది. డిజైన్లకూ ట్రేడ్‌మార్క్‌లకూ ఈ గడువు 6 నెలలే.

కాపీరైట్‌కు ఇంత హడావిడి లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలోని దేశాల్లో అది నమోదు లేకుండానే లభిస్తుంది. అయితే తేదీలున్న చిత్తుప్రతులను దాచుకోవడం మంచిది. ఇక్కడ చిక్కంతా ఇతరులతో రాసుకునే ఒప్పందాలలోనే ఉంటుంది. చిత్రాన్ని అమ్మినంత మాత్రాన దాని కాపీరైట్ కొన్నవారికి చెందదు. అలాగే బయటి డిజైనర్‌తో లోగో గీయించుకున్న సంస్థ, డబ్బు చెల్లించాం కనుక అది తమదేనని భావిస్తుంది కానీ, అనేక దేశాల్లో రాతపూర్వకమైన బదిలీ లేనిదే ఆ హక్కు సంస్థకు రాదు. కళాకారుల వైపు నుంచి చూస్తే, పుస్తకం అట్టకు బొమ్మ ఇచ్చేటప్పుడు "ఈ పుస్తకం అట్టకు మాత్రమే, ఐదేళ్ల వరకు" అని స్పష్టంగా రాయించుకోవాలి. "సర్వహక్కులు" అనే మాటకు ఒప్పుకుంటే, అదే బొమ్మ రేపు క్యాలెండర్లపై కనిపించినా అభ్యంతరం చెప్పడం కష్టం.

ట్రేడ్‌మార్క్ కోసం సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించిన నీస్ వర్గీకరణలో తమ వ్యాపారానికి సరిపోయే తరగతిని ఎంచుకోవాలి. సరుకు గుణాన్నే చెప్పే పేర్లు సాధారణంగా తిరస్కరణకు గురవుతాయి. అలాంటి పేరు ఇప్పటికే నమోదై ఉందేమో వెతికేటప్పుడు అక్షరాలతో పాటు ఉచ్చారణలో దగ్గరగా ఉన్న పేర్లను కూడా చూడాలి. నమోదైన గుర్తును ఏళ్ల తరబడి వాడకపోతే రద్దు చేయమని ఇతరులు కోరవచ్చు కనుక, ఆ గుర్తు కనిపించే బిల్లులనూ ప్యాకింగ్ ఫొటోలనూ తేదీలతో సహా భద్రపరచాలి.